రెండిళ్ళ చక్కెర

కుట్టిచ్చిర, కోళిక్కోడ్,
19 జూలై 1996, శుక్రవారం.

నా బంగారుకొండ హాషింకు,

మీ ఉమ్మ సలాములు చెప్పి, దీవించి రాస్తున్న ఉత్తరం. అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే మీ బాప్పతో సహా అందరం. ఈ మాట ఎందుకింత నొక్కి రాస్తున్నానో చివరికొస్తే నీకే తెలుస్తుంది. నీకు చిన్నప్పటినుంచీ చివరి పేజీ ముందు తిప్పే జబ్బుంది. ఇప్పుడు తిప్పావంటే దోహా దాకా చెయ్యి చాపి చెవి మెలిపెడతాను. బుద్ధిగా వరసనే చదువు.

నీ ఉత్తరం సోమవారం అందింది. వానకు తడిసి సగం అక్షరాలు అలుక్కుపోయినా, నువ్వడిగిన నాలుగు ప్రశ్నలు మాత్రం చెక్కుచెదరలేదు. జవాబులు రాస్తాను.

నువ్వు పంపిన షుగరు మిషను పనిచేస్తోందా అని అడిగావు. దివ్యంగా పనిచేస్తోంది నాయనా. మన కొంప ముంచింది అదే.

బాప్ప కడుపునిండా తింటున్నారా అని అడిగావు. ఆ మాట ఆరునెలల క్రితం అడిగి ఉంటే, పిచ్చుక నయం అని రాసేదాన్ని. మార్చిలో ఆ దగ్గు పట్టుకుంది కదా, వలియంగాడి బజారు గోదాములో నలభై ఏళ్ళు పీల్చిన మిరపఘాటంతా ఊపిరితిత్తుల్లో వాపై కూర్చుందని డాక్టర్ విలాసిని చెప్పి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టింది. రోజూ పొద్దున ఫలహారం కాగానే ఆరు చిన్న తెల్ల మాత్రలు. మాత్ర మొదలైన వారానికి దగ్గు పోయింది, ఆకలి వచ్చింది. అది మామూలు ఆకలా! తెల్లవారకముందే లేచి మా పడకగది అరలో కూర్చుని పాత పెళ్ళిపాటలు పాడుతూ, "మరియంబీ, పత్తిరి రొట్టెలు పెనం మీద వేశారా?" అని అడిగేవారు. ముప్పైఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు.

ఇక మొహం చూడాలి. నెల తిరిగేసరికి బుగ్గలు పొంగి, మొహం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా తయారైంది. అది మాత్ర తెచ్చిన వాపని ఎవరికి తెలుసు? వీధిలో ప్రతివాడూ ఆపి, "ఏం ఆలిక్కోయా, అత్తారింటి నెయ్యి బుగ్గల్లోనే కనిపిస్తోందే!" అనడం మొదలెట్టారు. మా అమ్మను, మీ వల్లిమ్మను, ఇక పట్టగలమా? ఎనభై ఏళ్ళ మనిషి, ఈ ఇంటి గడపలో కాలుపెట్టిన అల్లుడు అరవైమూడేళ్ళ వాడైనా ఆమెకు ఇంకా పుదియాప్లే, కొత్త పెళ్ళికొడుకే. "చూశావటే! ఇన్నేళ్ళు పెట్టినా పట్టని ఒళ్ళు ఇప్పుడు పట్టింది. నా ముట్టమాల ఊరికే పోతుందా?" అని, గుడ్డు సొనను చక్కెర పాకంలో తీగలు తీగలుగా పోయడానికి, మంచం దిగలేని మనిషి పొయ్యి దగ్గరికి దిగింది. షుగరున్న మనిషికి ముట్టమాల ఏమిటమ్మా అని నేను లాక్కుంటే, "ఒక్క తీగే కదా, పుదియాప్ల పళ్ళెం ఖాళీగా ఉంటే చూసేవాళ్ళేమనుకుంటారు?" అంది. ఆ తీగలన్నీ ఆఖరికి నేనే తిన్నాను. నా మొహం మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ బుగ్గల కీర్తి నాలుగు సందులు దాటి మీ మేనత్త కదీశబి చెవిన పడింది. పడకుండా ఎలా ఉంటుంది? మన కోళిక్కోడ్ కోయ ముస్లిముల్లో మగవాడికి రెండు పొయ్యిలు కదా. పొద్దున ఫలహారం భార్య ఇంట్లో, మధ్యాహ్నం భోజనం తన తల్లి ఇంట్లో, మళ్ళీ రాత్రికి భార్య ఇంటి అరలో. తల్లి పోయాక ఆ మధ్యాహ్నం గరిటె మీ మేనత్త చేతికొచ్చింది. ఆమె మీ బాప్పతోనే నాకు కబురంపింది. "ఆ బుగ్గల్లో నెయ్యి మీదే అయితే, మధ్యాహ్నం నా ఇంట్లో నా తమ్ముడు తినేది గాలా అని అడుగు."

మీ బాప్ప ఆ మాట నాకు చెప్పి, "నేను అడగలేదు, ఆమె అడగమంది," అన్నారు. ఆయన పద్ధతే అంత. రెండిళ్ళ మధ్యా తంతి తీగ లాంటి మనిషి. కబురు మోస్తారు, తను వేడెక్కరు.

అప్పుడొచ్చింది నీ మిషను. మొదటి రోజు పొద్దున వేలు గుచ్చితే తొంభైఎనిమిది. రెండో రోజు నూటనాలుగు. ఆకుపచ్చ నోటుబుక్కులో ముద్దుగా రాసిపెట్టాను. వీధంతా వినపడేలా అల్లాకు శుక్రియా చెప్పాను. నా కొడుకు దోహా నుంచి మిషను పంపాడని తెలిసి మీ మేనత్త ఊరుకుంటుందా? తన కొడుకు రజాక్‌కు ఫోను చేయించి దుబాయ్ నుంచి ఇంకోటి తెప్పించింది. మధ్యాహ్నం మూడింటికి నిద్రలేపి తమ్ముడి వేలు గుచ్చింది. మూడువందల నలభైఆరు!

ఇక చూడు యుద్ధం.

"పొద్దున మీరు పాకంలో ముంచి పంపితే మధ్యాహ్నానికి నా ఇంట్లో తేలుతోంది," అని ఆమె కబురు.

"మా ఇంట్లో లేచినప్పుడు నూరు. మీ ఇంట్లో లేచినప్పుడు మూడున్నర వందలు. దొంగ ఎవరింట్లో ఉన్నాడో గుడ్డివాడికీ తెలుస్తుంది," అని నా జవాబు.

"మీ మిషను సంగతి ఎవరికి తెలుసు?"

"మా మిషను దోహాది. అబద్ధమాడదు."

"మాది దుబాయ్‌ది. దుబాయ్ దోహా కంటే పెద్ద ఊరు."

చివరికి మీ బాప్ప రెండు మిషన్లూ సంచిలో వేసుకుని ఒకరోజంతా తిరిగారు. పొద్దున రెండూ నూరు దగ్గరే చూపించాయి. మధ్యాహ్నం రెండూ మూడువందలు దాటాయి. మిషన్లు రాజీపడ్డాయి, మేం పడలేదు.

పాపం ఆ మనిషి ఎంత మొత్తుకున్నారని! "అల్లా సాక్షిగా నేను తీపి ముట్టలేదు మరియంబీ. అక్కడ కూడా చేప, ఒక కప్పు అన్నం, అంతే," అనేవారు. నేను నమ్మలేదు. ఆయన అక్కగారి ఇంట్లో, "అక్కడ రెండు పత్తిరి, చక్కెర లేని సులైమాని టీ, అంతే," అంటే ఆవిడా నమ్మలేదు. జీవితమంతా అందరి మనసూ కనిపెట్టి మాట్లాడిన మనిషి, నిఖార్సైన నిజం చెబితే నమ్మేవాళ్ళు లేకపోయారు. పైగా రెండిళ్ళ పరువు పోతుందని, రెండు నోటుబుక్కుల్లో ఒక్కటి కూడా డాక్టరమ్మకు చూపించలేదు.

నీ మూడో ప్రశ్న, "బాప్ప మాత్రలు వేళకు వేసుకుంటున్నారా?"

హాషిం, ఈ ప్రశ్న దగ్గర కలం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేని గిన్నెలు రెండు తోమి వచ్చాను. రాయకపోతే నాకు నిద్రపట్టదు. రాస్తే నీకు పట్టదు. అయినా రాస్తాను. నీకు తప్ప ఇది నేను చెప్పుకోగలిగిన వాళ్ళు లేరు.

పోయిన నెల మందులు తేవడానికి వెళ్ళినప్పుడు దుకాణంలో ఆ కాంపౌండరుతో నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. అతను చీటీ చూసి, "షుగరు పెంచేది ఈ తెల్ల మాత్రే కదమ్మా!" అన్నాడు. అంతే, నాకు స్వర్గం కనిపించింది. దొంగ నా ఇంట్లో లేడు! అతను వెనకనుంచి, "అయ్యో, డాక్టర్ని అడక్కుండా మాత్రం..." అని ఇంకేదో అరుస్తున్నాడు. నేను అప్పటికే మెట్లు దిగి వానలో పడ్డాను. సగం మాట విని పరిగెత్తడం నా పుట్టుక గుణం. మీ తాత బతికున్నప్పుడే అనేవారు, ఇది పెళ్ళిలో కూడా ఖుత్బా ప్రసంగం సగం విని లేచి వెళ్ళిపోతుందని.

మరునాడు పొద్దున ఆ తెల్ల మాత్రలు ఆపేశాను. అప్పటికి ఆరు తగ్గి నాలుగయ్యాయి. ఎముకలకని డాక్టరమ్మ ఇచ్చిన సున్నపు మాత్ర ఒకటుంది, లావుపాటిది. దాన్ని కత్తిపీట మీద నాలుగు ముక్కలు చేసి ఆయన అరచేతిలో పెట్టాను. కళ్ళజోడు లేదు కదా, కనిపించదులే అనుకున్నాను. నీళ్ళతో మింగేశారు. ఆరు రోజులు అలాగే పెట్టాను నాయనా. ఈ చేత్తోనే.

మూడో రోజుకే మీ మేనత్త ఇంట్లో అంకె నూటఅరవైకి దిగింది. నేను గెలిచానని మురిసిపోయేలోపు ఆవిడ కబురు వచ్చింది: "నేను అన్నం తగ్గించాను, అంకె తగ్గింది. చెప్పు మీ ఆవిడకి." నా కడుపు మండిపోయింది. నేను చేసిన ఘనకార్యం పైకి చెప్పుకోలేను, ఆవిడ చేయని ఘనకార్యం ఆవిడ డప్పు కొట్టుకుంటోంది!

నాలుగో రోజు నుంచి ఆయన కాస్త వడలిపోయారు. పాటలు లేవు. "వాన కదా, ఒళ్ళు బరువుగా ఉంది," అన్నారు. ఐదో రోజు పత్తిరి సగం వదిలేశారు. ఆరో రోజు మధ్యాహ్నం, మీ మేనత్త ఇంట్లో భోజనం ముందు చేతులు కడుక్కుంటూ కుప్పకూలిపోయారు.

ఆవిడ డెబ్బై ఏళ్ళ మనిషి. కేకలు పెడుతూ కూర్చోలేదు. వేలు గుచ్చి చూసింది, యాభైరెండు. ఇన్నాళ్ళూ అటకమీద దాచిన చక్కెర డబ్బా తనే దింపి, నీళ్ళలో కలిపి నోట్లో పోసింది. ఆటో పిలిపించి ఒళ్ళో తల పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. నాకు కబురొచ్చి నేను ఒక చెప్పు వేసుకుని ఒక చెప్పు మరిచి పరిగెత్తేసరికి, ఆయన చేతికి సెలైన్ ఎక్కుతోంది. మొహం గోడ సున్నంలా ఉంది. బీపీ అందడం లేదని నర్సులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ క్షణంలో నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు.

డాక్టర్ విలాసిని గబగబా వచ్చి, "స్టెరాయిడ్ మాత్ర మానేశారా? ఎవరైనా ఆపారా?" అని అడిగింది.

నేను ఆయన దుప్పటి సర్దాను. మీ మేనత్త మాత్రం సర్రున లేచింది. "ఏం మాటలమ్మా! మా మరియంబి తన పేరు మరిచిపోతుంది కాని, నా తమ్ముడి మాత్ర మరిచిపోదు. ముప్పైఎనిమిదేళ్ళుగా చూస్తున్నా. ఆ ఇంట్లో ఆ ఒక్క విషయంలో వేలెత్తి చూపలేం. ఇంకేదైనా జబ్బు వెతకండి!"

వారాల తరబడి నన్ను దొంగను చేసిన మనిషి, అక్కడ అందరి ముందూ నా తరఫున పోట్లాడుతోంది! అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. "నేనే ఆపాను డాక్టరమ్మా. సున్నపు ముక్కలు పెట్టాను," అని చెప్పేశాను.

డాక్టరమ్మ నర్సుకు ఏదో చెప్పి, వెంటనే ఆ మందే నరంలోకి ఎక్కించింది. ఆ తరవాతే మావైపు తిరిగింది. నెలల తరబడి ఆ మాత్ర బయటనుంచి వస్తుంటే, ఒంట్లో ఆ పని చేయాల్సిన గ్రంథి పడుకుంటుందట. మాత్ర కొంచెం కొంచెంగా తగ్గిస్తూ దాన్ని మెల్లగా లేపాలట. ఒక్కసారిగా ఆపితే అది లేవదు, మనిషి పడిపోతాడు. "ప్రాణం పోయేది," అంది. మెత్తగానే అంది, అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

"సరే, మాత్ర ఆపితే పడిపోతారు. కాని షుగరు యాభైకి ఎందుకు దిగింది? ఆయన షుగరు బిళ్ళ చాలా చిన్నది," అని డాక్టరమ్మ తనలో తాను అనుకుంటోంది.

మీ మేనత్త నడుముకు దోపిన సంచీలోంచి సగం అయిపోయిన తన షుగరు బిళ్ళల అట్ట తీసి బల్లమీద పెట్టింది. "రోజూ అన్నంతో పాటు నాది ఒకటి వేస్తున్నాను," అంది. "వీళ్ళ ఇంటి పాకానికి విరుగుడని."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "ఒకరు తీశారు, ఇంకొకరు వేశారు. ఈయన ఇంకా ఊపిరి పీలుస్తున్నారంటే గట్టి పిండమే," అంది. తరవాత కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. పొద్దున వేసిన ఆ మాత్ర మధ్యాహ్నానికి షుగరును ఎగదోస్తుంది, సాయంత్రం దాకా అక్కడే ఉంచుతుంది, రాత్రికి దిగిపోతుంది. అందుకే పొద్దున పరగడుపున చూస్తే ఏమీ తెలియదు. "ఆయన మధ్యాహ్నం ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లే దొంగ. ఇళ్ళు మార్చి ఉంటే మీ స్థానాలూ మారేవి. ఈ గీతంతా నేను మార్చిలోనే ఈయనకు చెప్పాను. తలూపారు."

తలూపుతారు. ఆయన తలూపని సందర్భం నేను చూడలేదు. ఇంటికొచ్చి మాతో చెప్పింది మాత్రం, "ఫలహారం తరవాత వేసుకోవాలట," అంతే.

వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మీ మేనత్తా నేనూ ఒకే బల్లమీద పడుకున్నాం. ఆవిడ గురక సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు ఆయన నిజంగా బాగున్నారు, నీ మీద ఒట్టు. పొద్దున మాత్రతో పాటు ఒక ఇన్సులిన్ సూది, అది నా పని. నేంద్రం అరటిపండు మీద గుచ్చి నేర్చుకున్నాను. గుచ్చిన పండ్లను వల్లిమ్మ ఉన్నక్కాయ మిఠాయి చేసి పుదియాప్లకు పెడతానంటే చేతులు పట్టుకుని ఆపాం. మధ్యాహ్నం, సాయంత్రం వేలు గుచ్చడం మీ మేనత్త పని. మాత్ర ఇప్పుడు మూడుకొచ్చింది. మాత్ర తగ్గిన ప్రతిసారీ సూది కూడా తగ్గాలట, డాక్టరమ్మ చెప్పినంతే. అందుకని రెండిళ్ళకీ ఒకటే నోటుబుక్కు. ఆయన గొడుగుతో పాటు చంకలో పెట్టుకుని తిరుగుతారు. దాని మొదటి పేజీలో "స్టెరాయిడ్ వాడుతున్నాను, హఠాత్తుగా ఆపకూడదు" అని డాక్టరమ్మే పెద్దక్షరాలతో రాసిచ్చింది.

మంగళవారం అందులో మీ మేనత్త రాసింది: "మూడు గంటలకు 192. పొద్దున ఫలహారంలో పుట్టు ఎక్కువైనట్టుంది." నేను కింద రాశాను: "పుట్టు అరకప్పే. చేపలపులుసు రుచిగా ఉంటే అన్నం తెలియకుండా లోపలికి పోతుంది వదినా." ఆవిడ: "రుచిగా ఉందని ఒప్పుకున్నందుకు సంతోషం." నిన్న డాక్టరమ్మ ఆ పేజీ చదివి, అడుగున ఎర్ర సిరాతో, "ఇద్దరూ అంకెలు మాత్రమే రాయండి," అని సంతకం పెట్టింది.

కాని హాషిం, సున్నపు ముక్కల సంగతి మీ బాప్పకు చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పలేదు. మీ మేనత్త, "నా నోటి నుంచి రాదు, నువ్వూ చెప్పి వాడి మనసు విరచకు," అంది. నేను పెట్టినది మింగి ఆయన చావు అంచుదాకా వెళ్ళారు. ఇంకా రోజూ నా చేతికే చెయ్యి చాపుతారు సూదికి. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఆ సున్నపు ముక్కలే కనిపిస్తున్నాయి. చెప్పాలా వద్దా? నువ్వే చెప్పు.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇప్పుడు జుమా నమాజు అయింది, భోజనమైంది. డాక్టరమ్మ దూరం తిరగొద్దందని శుక్రవారాలు ఇక్కడే తింటున్నారు. ఆపాక జరిగింది రాస్తాను.

ఉత్తరం మూసేముందు ఆయనకు చదివి వినిపించడం మన అలవాటు కదా. అరలో మంచం పక్కన కూర్చుని చదివాను. మిషన్ల పోట్లాటకు పగలబడి నవ్వారు. నేను తెలివిగా మూడో ప్రశ్న దగ్గర రెండు కాగితాలు కలిపి తిప్పేసి, సూది దగ్గరినుంచి నోటుబుక్కు దాకా చదివాను.

ఆయన కళ్ళు మూసుకునే, "మధ్యలో ఒక పేజీ మింగావు," అన్నారు. "సున్నపు ముక్కల పేజీయేనా?"

నేను కాగితాలు మంచం మీద పెట్టేశాను.

"మీకెలా తెలుసు?"

"ఆ తెల్ల మాత్ర చేదు మరియంబీ. నాలుక మీద పడగానే విషంలా ఉంటుంది. నాలుగు నెలలుగా మింగుతున్నాను, తెలియదా? నువ్వు పెట్టింది చప్పగా, సుద్దముక్కలా ఉంది. మొదటి రోజే తెలిసింది."

"తెలిసి ఎందుకు మింగారండీ? ఎందుకు అడగలేదు?" నేను ఏడుస్తూనే అరిచాను.

ఆయన నా వైపు వింతగా చూశారు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "డాక్టరు మార్చిందేమో అనుకున్నాను. అయినా మీ ఇంటి పుదియాప్లను. నువ్వు చేత్తో పెట్టినదాన్ని ఇదేమిటని ఏనాడైనా అడిగానా?"

అడగలేదురా. పెళ్ళయిన మొదటి పొద్దున నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే, మాట్లాడకుండా తిని రెండు చెంబుల నీళ్ళు తాగిన మనిషి. మేము దాన్ని మర్యాద అని మురిసిపోయాం. వీధిలో గొప్పగా చెప్పుకున్నాం. ఆ మర్యాదే ఆయన్ని మింగబోయింది.

కన్నీళ్ళు తుడుచుకుని గట్టిగా చెప్పాను. "ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో మీరు కొత్త పెళ్ళికొడుకు కాదు. వంక ఉంటే చెప్పాలి. చెప్పకపోతే నోటుబుక్కులో రాసి మీ అక్కకు పంపిస్తాను."

"అలవాటు లేదే," అన్నారు.

"నేర్చుకోండి. అరటిపండు మీద నేను నేర్చుకోలేదా?"

ఇక నీ నాలుగో ప్రశ్న మిగిలింది. బాప్ప ఏ ఉత్తరం చివరైనా "అంతా బాగుంది" అన్న ఒక్క మాటే ఎందుకు రాస్తారు, ఇంకేమీ ఉండదా అని అడిగావు కదా. దానికి జవాబు తనే రాస్తానని కలం అడిగారు. పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నారు. వంటింట్లో వల్లిమ్మకు భయంగా ఉంది, అల్లుడు ఏం రాస్తాడోనని. నువ్వూ ఒక ఇంటి పుదియాప్లవే, సెలవుకొచ్చి మీ అత్తారింట్లో కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తుపెట్టుకో. వేళకు తిను, వేళకు పడుకో.

ఇట్లు,
సగం మాట విని పరిగెత్తిన,
ఇకమీదట మొత్తం వింటానని ఒట్టు పెట్టుకున్న
మీ ఉమ్మ

హాషిం, బాప్ప రాసేది. సులైమాని చల్లారిపోయింది. ఇవాళ పత్తిరి అంచులు మాడాయి. వల్లిమ్మ ముట్టమాల నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. మీ ఉమ్మ సూది గుచ్చేటప్పుడు నాకంటే ముందు తనే "అబ్బా" అంటుంది. తక్కినదంతా బాగుంది.